గిట్ సర్వర్ డిస్క్ పోయినప్పుడు రెస్టిక్ ఎంతవరకు ఆదుకుంది: రీస్టోర్ వైపు నుంచి ఒక రివ్యూ

బ్యాకప్ టూల్స్ మీద రివ్యూలకు కొదవ లేదు గానీ, దాదాపు అన్నీ బ్యాకప్ తీయడం ఎంత తేలికో, ఎంత వేగమో చెప్పి అక్కడితో ఆగిపోతాయి. తీసిందాన్ని వెనక్కి తెచ్చుకోవాల్సి వచ్చిన రోజు ఎలా ఉంటుందో రాసేవాళ్లు తక్కువ. అందుకే ఇక్కడ బ్యాకప్ గురించి కొంచెమే, మిగతాదంతా రీస్టోర్ గురించే. మా టీమ్ సొంత గిట్ సర్వర్ (కోడ్‌నీ, దాని మార్పుల చరిత్రనీ దాచే సర్వర్) నడుపుకుంటుంది. దాని డిస్క్ చచ్చిపోయింది, క్లౌడ్‌లో ఉన్న రెస్టిక్ బ్యాకప్ నుంచి అన్ని రిపోజిటరీలనూ (ఒక్కో ప్రాజెక్ట్ కోడ్, దాని చరిత్ర ఉండే ఫోల్డర్లను) కొత్త మెషీన్ మీదికి తెచ్చుకున్నాం. రేటింగ్ ముందే చెప్పేస్తా, అయిదుకి నాలుగు. తగ్గించిన ఒక్కటి ఎందుకో చదువుతుంటే తెలుస్తుంది, అందులో సగం పాపం రెస్టిక్‌ది కాదు, గిట్‌ది.

తెలియనివాళ్ల కోసం: రెస్టిక్ అనేది గో భాషలో రాసిన ఓపెన్ సోర్స్ బ్యాకప్ ప్రోగ్రామ్. డబ్బు కట్టక్కర్లేదు, ఒకే బైనరీ (నేరుగా నడిచే) ఫైల్, ఇన్‌స్టలేషన్ అంటూ పెద్దగా ఏమీ లేదు. కొత్త మెషీన్ మీద రీస్టోర్ మొదలుపెట్టే టైమ్‌లో ఈ ఒకే ఫైల్ సంగతి ఎంత హాయిగా అనిపిస్తుందో అప్పుడు గానీ అర్థం కాదు. అమెజాన్ ఎస్3, అజూర్, గూగుల్ క్లౌడ్ స్టోరేజ్, బ్యాక్‌బ్లేజ్ బీ2 లాంటి వాటితో నేరుగా మాట్లాడుతుంది, మిగిలినవాటికి ఆర్‌క్లోన్ అనే టూల్‌ని మధ్యలో పెట్టుకోవచ్చు. డేటాని ముక్కలు చేసి, రిపీట్ అయిన ముక్కల్ని ఒక్కసారే దాచి, అంతా మన మెషీన్ మీదే ఏఈఎస్-256తో ఎన్‌క్రిప్ట్ చేసి పైకి పంపుతుంది. ఫైళ్ల పేర్లు కూడా క్లౌడ్ వాళ్లకు కనపడవు. ఇంకో చిన్న సంగతి, రెస్టిక్ తన స్టోరేజ్‌ని కూడా రిపోజిటరీ అనే అంటుంది. కోడ్ రిపోజిటరీతో కలగాపులగం కాకుండా దాన్ని నేను స్టోర్ అంటాను.

రీస్టోర్‌కి కావాల్సినవి మూడు: రెస్టిక్ బైనరీ, క్లౌడ్ బకెట్‌లోకి (క్లౌడ్‌లో మన డేటా ఉండే చోటు) వెళ్లే కీలు, స్టోర్ పాస్‌వర్డ్. పాస్‌వర్డ్ పోతే ఇక అంతే, రికవరీ లింకు లేదు, సపోర్టు నంబర్ లేదు, డేటా ఉండీ లేనట్టే. ఇది డాక్యుమెంటేషన్‌లో దాచకుండా రాసే ఉంది. కానీ చాలా టీమ్‌లలో ఈ పాస్‌వర్డ్ ఎక్కడ ఉంటుందంటే, ఏ డిప్లాయ్‌మెంట్ స్క్రిప్టుల రిపోజిటరీ మన సర్వర్‌తో పాటు పోయిందో సరిగ్గా అందులో! లేదా అదే సర్వర్ మీద రూట్ (అన్ని అధికారాలూ ఉన్న) యూజర్ హోమ్ డైరెక్టరీలో. ఒక స్టోర్‌కి ఒకటి కంటే ఎక్కువ పాస్‌వర్డ్‌లు పెట్టుకునే సౌకర్యం రెస్టిక్‌లో ఉంది, దేన్నైనా విడిగా తీసేయొచ్చు కూడా. ఇద్దరు మనుషుల దగ్గర, ఆ సర్వర్‌తో సంబంధం లేని చోట, వేర్వేరు పాస్‌వర్డ్‌లు ఉంచడం మంచిది. మాకు అలాగే ఉంది కాబట్టి మొదటి పది నిమిషాల్లోనే సగం టెన్షన్ తగ్గింది.

తర్వాత స్నాప్‌షాట్‌ల (ఒక్కోసారి తీసిన బ్యాకప్‌ల) లిస్టు అడిగితే తేదీ, టైమ్, ఏ మెషీన్, ఏ ఫోల్డర్లు అన్నీ వరుసగా చూపిస్తుంది. కొత్త మెషీన్‌లో రెస్టిక్ క్యాష్ (ముందే దించి పెట్టుకున్న కాపీ) ఉండదు కాబట్టి, స్టోర్ లోపలికి చూసే మొదటి కమాండ్ ఏ ముక్క ఎక్కడుందో చెప్పే ఇండెక్స్ మొత్తం దించుకుంటుంది, స్టోర్ పెద్దదైతే కాసేపు ఏమీ కదలనట్టే ఉంటుంది. భయపడి ఆపేయకండి. ఇక ఏ స్నాప్‌షాట్ తీసుకోవాలన్నది మనం తేల్చుకోవాలి, చివరిదే మంచిదని గ్యారంటీ ఏమీ లేదు. చచ్చిపోతున్న డిస్క్ నుంచి తీసిన చివరి బ్యాకప్‌లో చెత్త ఉండొచ్చు. రెండు స్నాప్‌షాట్‌ల మధ్య తేడా చూపించే కమాండ్ ఇక్కడ బాగా పనికొచ్చింది. ఒక్క రాత్రిలో వేల ఫైళ్లు మాయమైనట్టు కనిపిస్తే దాని ముందు రోజుది తీసుకోవాలని వెంటనే తెలిసిపోతుంది.

రీస్టోర్ కొట్టగానే కొత్తవాళ్లు తికమకపడే విషయం ఒకటుంది. మీరు చెప్పిన టార్గెట్ ఫోల్డర్ లోపల పాత సర్వర్‌లోని పాత్ మొత్తం మళ్లీ పుట్టుకొస్తుంది, అంటే ఫోల్డర్ లోపల ఫోల్డర్ లోపల ఇంకో ఫోల్డర్, ఆఖర్న ఎక్కడో మీ రిపోజిటరీలు. 2023లో వచ్చిన 0.16 వెర్షన్ నుంచి స్నాప్‌షాట్ ఐడీ పక్కన కోలన్ పెట్టి లోపలి ఫోల్డర్ పేరు ఇస్తే ఆ భాగమే నేరుగా వస్తుంది. 2024 నాటి 0.17లో రీస్టోర్‌కి డ్రై రన్ కూడా వచ్చింది, ఏం రాయబోతోందో ముందే చూసుకోవచ్చు, ఉన్న ఫైళ్ల మీద రాయాలా వద్దా కూడా మనమే చెప్పొచ్చు. కాబట్టి పాత వెర్షన్ పట్టుకుని వేలాడకండి. వెరిఫై అనే ఆప్షన్ కూడా కలపండి, రాసిన ప్రతి ఫైల్‌నీ మళ్లీ చదివి సరిచూస్తుంది. టైమ్ పడుతుంది, అయినా సరే.

ఫైళ్లు వచ్చేశాయి, ఇక గిట్ పనిచేస్తుందనుకుంటే అది 'డ్యూబియస్ ఓనర్‌షిప్' అని మొరాయించింది. కారణం ఏంటంటే, రూట్‌గా రీస్టోర్ చేస్తే రెస్టిక్ పాత సర్వర్‌లోని యూజర్ నంబర్లనే యథాతథంగా పెడుతుంది. కొత్త మెషీన్‌లో గిట్ యూజర్ నంబర్ వేరే కావొచ్చు. 2022 ఏప్రిల్‌లో వచ్చిన 2.35.2 నుంచి గిట్ వేరొకరి పేరు మీదున్న రిపోజిటరీని ముట్టుకోవడానికి ఒప్పుకోదు, అది సెక్యూరిటీ కోసం పెట్టిన చెక్. గూగుల్‌లో వెతికితే సేఫ్ డైరెక్టరీ సెట్టింగ్‌లో స్టార్ పెట్టేయమని (అంటే ఏ రిపోజిటరీకీ ఆ చెక్ వద్దని) సలహాలు కుప్పలుగా దొరుకుతాయి. సర్వర్ మీద ఆ పని చేయొద్దు, ఓనర్‌షిప్ సరిచేయండి చాలు, ఒక్క కమాండ్ పని.

ఇంత గోల ఉన్నా రెస్టిక్‌కి నేను మార్కులు వేసేది సరిగ్గా ఇక్కడే, ఎందుకో చెప్తాను. చాలామంది బ్యాకప్ అంటే గిట్ ఫోల్డర్‌ని తీసుకెళ్లి బకెట్‌లోకి సింక్ చేసేయడమే అనుకుంటారు. ఆబ్జెక్ట్ స్టోరేజ్‌లో (ఎస్3 లాంటి బకెట్లలో) ఫోల్డర్ అనేదే నిజానికి లేదు, ఫైల్ పేరులో స్లాష్ ఉంటే ఫోల్డర్‌లా చూపిస్తారంతే. అందుకని ఖాళీ ఫోల్డర్లు సింక్‌లో జారిపోతాయి. బేర్ రిపోజిటరీలో (సర్వర్ మీద ఉండే, ఎడిట్ చేసే ఫైళ్లు లేని రకం) బ్రాంచిలు, ట్యాగులు (కోడ్ చరిత్రలోని చోట్లకు పెట్టిన పేర్లు, వీటినే రెఫ్స్ అంటారు) అన్నీ ప్యాక్డ్-రెఫ్స్ అనే ఒక్క ఫైల్‌లోకి చేరిపోయి ఉంటే రెఫ్స్ ఫోల్డర్‌లో ఒక్క ఫైల్ కూడా ఉండదు. దాన్ని సింక్ చేసి వెనక్కి తెస్తే రెఫ్స్ ఫోల్డర్ ఉండదు, గిట్ వచ్చి ఇది అసలు గిట్ రిపోజిటరీయే కాదు పొమ్మంటుంది. డేటా అంతా అక్కడే ఉంటుంది, ఒక ఖాళీ ఫోల్డర్ చేసి పెడితే లేచి కూర్చుంటుంది, కానీ అర్ధరాత్రి ఆ ఎర్రర్ చూసిన మనిషికి గుండె జారుతుంది. అలాగే హుక్స్‌కి (గిట్‌లో ఏదైనా జరిగినప్పుడు దానంతటవే నడిచే స్క్రిప్టులు) ఉండే ఎగ్జిక్యూట్ పర్మిషన్ కూడా సింక్‌లో పోతుంది, హుక్ ఉన్నా నడవదు. రెస్టిక్ ఖాళీ ఫోల్డర్లనూ, పర్మిషన్లనూ, సింబాలిక్ లింకులనూ ఉన్నది ఉన్నట్టు తెచ్చింది. మా రిపోజిటరీలలో ఒక్కదానికీ ఈ రకం తలనొప్పి రాలేదు.

ఇప్పుడు తగ్గించిన మార్కు సంగతి.

రెస్టిక్ ఫైళ్లను చూస్తుంది, గిట్‌ని చూడదు. దానికి కమిట్ (గిట్ దాచుకునే ఒక్కో మార్పు) అంటే ఏంటో తెలియదు. అది ఫోల్డర్‌ని ఒక్కో ఫైల్‌గా చదువుకుంటూ పోతుంటే మధ్యలో ఎవరో పుష్ చేశారనుకోండి (తమ కొత్త కోడ్‌ని సర్వర్‌కి పంపారన్నమాట). ఆబ్జెక్ట్స్ ఫోల్డర్‌ని (గిట్ అసలు డేటా ఉండే చోటు) అది చదివేశాక కొత్త కమిట్ వచ్చి చేరింది, ఆ తర్వాత చదివిన రెఫ్స్‌లో ఆ కమిట్ నంబర్ ఉంది. అంటే బ్యాకప్‌లో బ్రాంచి ఒక కమిట్‌ని చూపిస్తుంది, ఆ కమిట్ మాత్రం బ్యాకప్‌లో లేదు. ఇంకా ఘోరం, అదే సమయంలో గిట్ జీసీ (గిట్ తనంతట చేసుకునే శుభ్రం) నడిచి పాత ప్యాక్ ఫైళ్లు (ఆబ్జెక్ట్‌లను కుదించి కలిపిన ఫైళ్లు) తీసేసి కొత్తవి పెడితే కొన్ని ఆబ్జెక్ట్‌లు పాతవాటిలోనూ కొత్తవాటిలోనూ దొరక్కుండా పోవచ్చు. రెస్టిక్ దృష్టిలో మాత్రం అంతా పక్కా, ప్రతి బైటూ చదివినట్టే దాచింది, దాచినట్టే తెచ్చింది. గిట్ వాళ్ల సొంత ప్రశ్నోత్తరాల పేజీలోనే రిపోజిటరీలోని ఏ భాగాన్నీ క్లౌడ్ సింక్ సర్వీసుల్లో పెట్టొద్దని రాసి ఉంది, కారణం ఇలాంటిదే, వాటికి ఏ ఫైల్ ఏ ఫైల్‌తో ముడిపడి ఉందో తెలియదు. రెస్టిక్ సింక్ సర్వీసు కాకపోయినా నడుస్తున్న రిపోజిటరీని నేరుగా చదివితే ఈ ఒక్క విషయంలో దానికీ అదే రిస్కు.

మందు తెలిసిందే. రెస్టిక్‌కి లైవ్ ఫోల్డర్ ఇవ్వకుండా, ముందు గిట్ చేతే కాపీ తీయించాలి. గిట్ బండిల్‌తో అన్ని రెఫ్స్‌నీ కలిపి ఒక్క ఫైల్ చేయొచ్చు, దాన్నుంచి నేరుగా క్లోన్ (పూర్తి కాపీ) చేసుకోవచ్చు, బండిల్ వెరిఫై అని సరిచూసుకోవచ్చు. లేదా మిర్రర్ ఆప్షన్‌తో క్లోన్ పెట్టుకుని ప్రతి రాత్రీ అప్‌డేట్ చేసి దాన్ని బ్యాకప్ చేయాలి. లేదా ఫైల్‌సిస్టమ్ స్నాప్‌షాట్ తీసి దాన్నుంచి చదివించాలి. మేం బండిల్స్‌తో పాటు ఫోల్డర్‌నీ పంపుతాం, ఎందుకంటే బండిల్‌లో హుక్స్, కాన్ఫిగ్ ఫైల్, రెఫ్‌లాగ్ (రెఫ్స్ ఎప్పుడెలా మారాయో రాసుకునే చిట్టా) రావు. రీస్టోర్ అయ్యాక ప్రతి రిపోజిటరీ మీదా గిట్ ఎఫ్ఎస్‌సీకే (రిపోజిటరీ చెడిందేమో చూసే కమాండ్) నడిపాం. అందులో 'డాంగ్లింగ్' అని వచ్చేవి చూసి కంగారుపడక్కర్లేదు, ఏ బ్రాంచికీ అందని పాత కమిట్లు అవి, ఆరోగ్యంగా ఉన్న రిపోజిటరీలో కూడా ఉంటాయి. 'మిస్సింగ్' అనో 'బ్రోకెన్ లింక్' అనో వస్తే మాత్రం ఆగాలి. మాకు ఒకదాంట్లో మిస్సింగ్ వచ్చింది, సరిగ్గా పైన చెప్పిన పుష్ కథే. అదే రాత్రి బండిల్ నుంచి క్లోన్ చేస్తే శుభ్రంగా వచ్చింది. బండిల్స్ లేకపోతే ఈ రివ్యూకి మూడు మార్కులే పడేవి, అది రెస్టిక్‌కి అన్యాయమే అయినా.

నిజంగా రెస్టిక్ మీదే వేయాల్సిన నింద ఇంకోటి ఉంది. కొన్ని ఫైళ్లు చదవలేకపోయినా అది స్నాప్‌షాట్ తయారుచేస్తుంది. లిస్టులో మిగతావాటితో సమానంగా, ఏ ఎర్ర గుర్తూ లేకుండా కూర్చుంటుంది. తేడా తెలిసేది ఆ పూట వచ్చే హెచ్చరికలోనూ, ఎగ్జిట్ కోడ్‌లోనూ (ప్రోగ్రామ్ ముగిసేటప్పుడు ఇచ్చే నంబర్) మాత్రమే, 3 వస్తే సగం బ్యాకప్ అని అర్థం. క్రాన్‌లో (టైమ్‌కి పనులు నడిపే ఏర్పాటు) పెట్టి వదిలేసిన స్క్రిప్టులో ఆ కోడ్‌ని ఎవరు చూస్తారు? రెస్టిక్‌కి సొంతంగా షెడ్యూలర్ లేదు, మెయిల్ పంపే ఏర్పాటు లేదు, గ్రాఫికల్ స్క్రీన్ లేదు. అవన్నీ మనం కట్టుకోవాలి, మనం కట్టుకున్నది చెడిపోతే చెప్పేవాళ్లు ఉండరు. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ అనే కోడ్ హోస్టింగ్ కంపెనీలో జరిగింది అదే కదా. ఒక ఇంజినీర్ పొరపాటున ప్రధాన డేటాబేస్ ఫోల్డర్ తీసేశారు, తీరా బ్యాకప్ కోసం బకెట్ తెరిస్తే ఖాళీ. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ 9.6, డంప్ (డేటాబేస్‌ని ఫైల్‌లోకి కాపీ) తీసే ప్రోగ్రామ్ 9.2, వెర్షన్ కుదరక ఎన్నాళ్లుగానో డంప్ ఫెయిలవుతోంది. ఫెయిలైందని చెప్పే మెయిళ్లు డీమార్క్ చెక్ (నకిలీ మెయిళ్లను ఆపే తనిఖీ) దాటలేక రిజెక్ట్ అవుతున్నాయి. అదృష్టంకొద్దీ ఆరు గంటల ముందు ఎవరో వేరే పనికి తీసిన స్నాప్‌షాట్ ఉంది కాబట్టి బతికిపోయారు. గిట్ రిపోజిటరీలు పోలేదు గానీ ఆ ఆరు గంటల ప్రాజెక్ట్ వివరాలు, కామెంట్లు, కొత్త అకౌంట్లు పోయాయి. ఇదంతా వాళ్లే దాచకుండా బయటపెట్టారు, చదివి తీరాలి.

అందుకని రెస్టిక్ చెక్ కమాండ్‌ని ఊరికే నడిపి సంతోషపడకండి. మామూలు చెక్ స్టోర్ నిర్మాణం చూస్తుందే తప్ప డేటా దించుకుని చదవదు. రీడ్ డేటా సబ్‌సెట్ అనే ఆప్షన్‌తో వారానికి కొంత భాగం చొప్పున చదివించొచ్చు, డౌన్‌లోడ్ చార్జీలు కూడా అదుపులో ఉంటాయి.

వేగం గురించి పెద్దగా చెప్పేదేం లేదు, మన నెట్ ఎంతో అంతే. స్టోర్ సైజు మాత్రం అనుకున్నదానికంటే పెరుగుతుంది. గిట్ రీప్యాక్ చేసిన ప్రతిసారీ కంప్రెస్ అయిన పెద్ద ప్యాక్ ఫైల్ కొత్తగా పుడుతుంది, పాతదాని ముక్కలతో పెద్దగా కలవదు, కాబట్టి రిపీట్ ముక్కల్ని ఏరివేసే రెస్టిక్ తెలివి అక్కడ అంతగా పారదు. 0.14లో వచ్చిన కంప్రెషన్ కూడా ఇప్పటికే కంప్రెస్ అయినదాన్ని ఏం చేస్తుంది. ఇది చూసి ఖర్చు తగ్గిద్దామని బకెట్‌ని ఆర్కైవ్ క్లాస్‌లోకి మార్చేయాలని ఎవరైనా అంటే వినకండి. అమెజాన్ గ్లేసియర్ డీప్ ఆర్కైవ్ అయితే ఫైల్ చదవగలిగే స్థితికి రావడానికే మామూలుగా 12 గంటల వరకు, చౌక పద్ధతిలో 48 గంటల వరకు పడుతుంది. రెస్టిక్ చిన్న చిన్న ముక్కల కోసం బకెట్ అంతా తిరుగుతుంది, వాటిని ముందు నిద్ర లేపడం ఒక పెద్ద ప్రాజెక్టు.

సర్వర్ లేచాక అసలు జాగ్రత్త మొదలవుతుంది, దీని గురించి ఎక్కడా ఎక్కువగా చూడలేదు కాబట్టి కాస్త విడమరిచి చెప్తాను. బ్యాకప్ నిన్న రాత్రిది. డెవలపర్ల లాప్‌టాప్‌లలో ఇవాళ సాయంత్రం దాకా చేసిన పని ఉంది. ప్రతి క్లోన్‌లోనూ దాదాపు పూర్తి హిస్టరీ ఉండడం గిట్ చేసిన మేలు, పోయిన ఒక రోజు పని నిజానికి పోలేదు, మనుషుల దగ్గర ఉంది. కానీ సర్వర్ వచ్చిందనగానే ఎవరో ప్రూన్ ఆప్షన్‌తో ఫెచ్ కొడతారు (సర్వర్‌లో ఉన్నవి దించుకుని, అక్కడ లేనివాటి గుర్తులు చెరిపేయడం). కొత్త సర్వర్‌లో ఇవాళ పుట్టిన బ్రాంచిలు లేవు కదా, ఆ లాప్‌టాప్‌లో ఉన్న వాటి రిమోట్ గుర్తులు కూడా తుడిచిపెట్టుకుపోతాయి, వాటి రెఫ్‌లాగ్‌తో సహా. ఉన్న బ్రాంచిల గుర్తులేమో నిన్నటి కమిట్‌కి వెనక్కి జరుగుతాయి. ఆబ్జెక్ట్‌లు వెంటనే చెరిగిపోవు, గిట్ జీసీ మామూలు సెట్టింగ్‌లో అందని ఆబ్జెక్ట్‌లను రెండు వారాలు ఉంచుతుంది, కానీ వాటిని వెతికి పట్టుకోవడం అందరికీ వచ్చిన పని కాదు. కాబట్టి సర్వర్‌ని ముందు అందరికీ తెరవొద్దు. ఎవరూ ఫెచ్ కొట్టొద్దని గ్రూపులో మెసేజ్ పెట్టి, ఒక్కొక్కరి దగ్గర ఆ బ్రాంచి చివరి కమిట్ ఏదో అడిగి, ముందున్నవాళ్ల చేత పుష్ చేయించాలి. మాకు రీస్టోర్ కంటే ఈ పనికే ఎక్కువ టైమ్ పట్టింది. ఇందులో రెస్టిక్ చేయగలిగింది ఏమీ లేదు, కానీ బ్యాకప్‌లు రోజుకి ఒక్కసారి కాకుండా గంటకోసారి తీస్తే ఈ గొడవ చిన్నదవుతుంది. మారని ఫైళ్లను మళ్లీ చదవదు కాబట్టి రెస్టిక్‌తో గంటకోసారి తీయడం భారమేమీ కాదు.

ఎల్ఎఫ్ఎస్ (పెద్ద ఫైళ్ల కోసం గిట్‌కి ఉన్న అదనపు ఏర్పాటు) వాడేవాళ్లు ఒకటి చూసుకోండి. గిట్ దగ్గర ఉండేది మూడు లైన్ల పాయింటర్ ఫైల్ మాత్రమే, అసలు పెద్ద ఫైల్ వేరే చోట ఉంటుంది. బండిల్‌లో అది రాదు, ఎఫ్ఎస్‌సీకే దాని గురించి నోరెత్తదు, అంతా పచ్చగా కనిపిస్తుంది, చెకౌట్ చేసినప్పుడు గానీ తెలియదు. ఎల్ఎఫ్ఎస్ స్టోరేజ్ ఫోల్డర్‌ని బ్యాకప్ లిస్టులో విడిగా చేర్చాలి. ఇష్యూలు, మెర్జ్ రిక్వెస్టులు, రివ్యూ కామెంట్లు కూడా అంతే, అవి గిట్‌లో ఉండవు, సర్వర్ డేటాబేస్‌లో ఉంటాయి. దాని డంప్‌ని విడిగా తీసి రెస్టిక్‌కి ఇవ్వాలి, అదీ రిపోజిటరీల బ్యాకప్ టైమ్‌కి దగ్గరగా.

గిట్ సర్వర్‌లోకి దూరినవాడు అక్కడున్న కీలతో బ్యాకప్ కూడా చెరిపేయగలిగితే ఇదంతా దండగ. కోడ్ స్పేసెస్ అనే కోడ్ హోస్టింగ్ కంపెనీ 2014 జూన్‌లో అలాగే మూతపడింది. వాళ్ల అమెజాన్ కంట్రోల్ ప్యానెల్‌లోకి చొరబడినవాళ్లు డబ్బు అడిగారు, చివరికి డేటాతో పాటు బ్యాకప్‌లూ చాలావరకు చెరిపేశారు. రెస్టిక్ వాళ్లదే రెస్ట్-సర్వర్ అని ఒకటుంది, అందులో అపెండ్-ఓన్లీ మోడ్ పెడితే కొత్త బ్యాకప్‌లు చేర్చగలరు తప్ప పాతవి తీయలేరు. నేరుగా ఎస్3 బకెట్‌కి పంపేటప్పుడు ఈ రక్షణ బకెట్ వైపు నుంచి, వర్షనింగ్ (పాత కాపీలు ఉంచడం), ఆబ్జెక్ట్ లాక్ (చెరపకుండా తాళం) లాంటి వాటితో మనం పెట్టుకోవాలి. పాత స్నాప్‌షాట్‌లు తీసేసే పనిని ఆ సర్వర్ మీద కాకుండా వేరే మెషీన్ నుంచి, వేరే కీలతో చేయండి.

ఎవరికి పనికొస్తుంది అంటే, లైనక్స్ కమాండ్ లైన్ భయం లేని, సొంత సర్వర్ నడిపే చిన్న టీమ్‌లకు నిస్సందేహంగా. బటన్ నొక్కితే చాలనుకునేవాళ్లకు కాదు. గ్రాఫికల్ స్క్రీన్ కావాలంటే కోపియా అనే ఇంకో బ్యాకప్ టూల్ చూడండి, దానికి ఉంది. బోర్గ్ కూడా మంచిదే, కానీ 1.x వెర్షన్లు ఆబ్జెక్ట్ స్టోరేజ్‌తో నేరుగా మాట్లాడవు. ఒక్క ఫైలో, ఒక్క రిపోజిటరీయో కావాల్సినప్పుడు రెస్టిక్ మౌంట్ కమాండ్‌తో స్నాప్‌షాట్‌లన్నీ మామూలు ఫోల్డర్లలా తెరుచుకుంటాయి, నెమ్మదే గానీ భలే సౌకర్యం, విండోస్‌లో మాత్రం లేదు. నాకు ఇంకా కావాల్సింది ఒక్కటే, కొన్ని ఫైళ్లు చదవలేకపోయిన స్నాప్‌షాట్ పక్కన లిస్టులోనే ఒక గుర్తు పెట్టండయ్యా, ఎగ్జిట్ కోడ్‌లో దాచకుండా. అది వచ్చిన రోజు ఆ మిగిలిన మార్కులో సగం ఇచ్చేస్తాను.